నాయిన చెవికో వైరు, ఊరికో వైరు

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది నా చదువు కోసం కాదు, ఆటల కోసం అంతకన్నా కాదు. నాయిన చెవుల కోసం. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. "చెవులకు డాక్టరుంటడు గని కంప్యూటరేందే, పిచ్చి గిట్ల లేసిందా?" అని మా అమ్మ కూడా నవ్వింది. నేనప్పుడు పటాన్‌చెరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేదాన్ని. పెళ్ళి పత్రికలు, బయోడేటాలు టైపు చేయడం, జనం తెచ్చిచ్చే పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించడం నా పని. సెంటర్‌కు కొత్త మిషన్లు వచ్చినప్పుడు మూలన పడేసిన పాతదాన్ని అడిగి తీసుకున్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో కర్దనూర్ దాకా తెచ్చాను. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ను తిట్టాను. నా నోరు కొంచెం పెద్దదే. నాయినతో అరిచీ అరిచీ అలా అయింది.

నాయిన ఒక ఫ్యాక్టరీలో, ఫోర్జింగ్ షాపులో పని చేశాడు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దను పట్టుకారుతో తెచ్చి పెద్ద హామర్ కింద పెట్టాలి. హామర్ దాని మీద పడుతూనే ఉంటుంది, షిఫ్టు అయిపోయేదాకా. నేను పుట్టకముందు ఆ పనిలో చేరాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన్ను ఇంటికి పంపారు. చెవుల్లో దూది పెట్టుకునే పోయేవాడు గానీ అది ఎప్పుడు ఊడిపోయేదో ఆయనకే తెలిసేది కాదు. "గా సప్పుడుల ఎట్ల పని జేస్తవ్ నాయినా?" అని చిన్నప్పుడు అడిగేదాన్ని. "మా షాపుల ఎవ్వనికేం ఇనవడది బిడ్డా. హామర్ పడేది చెవుల తోని కాదు, అరికాళ్ళ తోని ఎరుకైతది" అనేవాడు. పరాచికం ఆడుతున్నాడనుకునేదాన్ని.

ఫ్యాక్టరీలో ఆయన అందరిలో ఒకడు. శనివారం సాయంత్రం ఊళ్ళో హనుమాన్ గుడి ముందు మాత్రం ఆయనే గురువు. మాది చిరుతల భజన. రెండు చేతుల్లో రెండు కట్టె చిరుతలు పట్టుకుని మగవాళ్ళు గుండ్రంగా నిలబడతారు. పాడుతూ, తిరుగుతూ, చిరుతలు కొడతారు. నడుమ గురువు ఇత్తడి తాళం పట్టుకుని నిలబడతాడు. మా కాక, అంటే నాయిన తమ్ముడు, పాట అందుకుంటాడు. గుంపు తిరిగి పాడుతుంది, పక్కన డోలక్ మోగుతుంది. పాటంతా వచ్చి కూర్చునేది మాత్రం గురువు తాళం మీదనే. గురువు తాళాన్ని దాటి పాట ముందుకు పోరాదు. ఆయన నెమ్మదిస్తే అందరూ నెమ్మదించాలి, ఆయన ఆపితే అందరూ ఆగాలి.

ఇంకో రివాజు కూడా ఉంది. తాళం ఇవ్వమని గురువును ఎవరూ అడగరాదు. ఆయనంతట ఆయన తీసి ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఒకసారి పెట్టాడంటే అది మళ్ళీ ఆయన చేతికి రాదు. నాయినకు తాళం ఇచ్చిన ముసలాయన ఆ తరువాత బతికినన్నాళ్ళూ గుడి అరుగు మీద కూర్చుని భజన విన్నాడే గానీ తాళం ముట్టుకోలేదు.

నాయిన చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు కుక్కర్ విజిల్ పోయింది, తరువాత సైకిల్ బెల్లు పోయింది, ఆ తరువాత నా మాట పోయింది. ఎదురుగా నిలబడి అరిస్తే కొంచెం అందేది. అమ్మ ఏం చెప్పినా "ఆఁ?" అనేవాడు. "నీ ఆఁ మీద మన్ను వొయ్య, ఎన్నిసార్లు జెప్పాలె?" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఊళ్ళో అందరికీ తెలుసు. ముఖం మీద ఎవరూ అనలేదు. సంగారెడ్డిలో డాక్టర్ చెవి మిషన్ పెట్టించాడు. "గిన్నెల సప్పుడు, కాకుల సప్పుడు, మీ అమ్మ సప్పుడు అన్ని ఒక్కతీరుగనే ఇనవడ్తున్నయ్" అని దాన్ని తీసి బియ్యం డబ్బాలో పడేశాడు. అమ్మ అది తెలియక బియ్యంతో పాటు చేటలో పోసింది.

ఒక శనివారం గుంపు ఇంకా పాట నడుమలో ఉండగానే నాయిన ముగింపు దెబ్బలు కొట్టేశాడు. పాట అయిపోయిందనుకున్నాడు. రివాజు ప్రకారం గుంపు అక్కడికక్కడే, మాట సగంలో ఆగిపోయింది. చూసే జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాయినకు వినపడలేదు, కనపడింది.

ఆ తరువాత ఆయన గుడికి పోలేదు. తాళాన్ని ఎర్రగుడ్డలో చుట్టి గోడ మేకుకు తగిలించాడు. తాను పోడు, తాళం ఇంకొకరికి ఇవ్వడు. తాళం లేకుండా భజన జరగదు. శనివారం వస్తే గుంపు గుడి ముందు కూర్చుని బీడీలు కాల్చుకుని లేచిపోయేది. కాక మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, ఆ ఎర్రగుడ్డ వంక ఒకసారి చూసి, "పోయొస్త వదినె" అని వెళ్ళిపోయేవాడు. కాక మీద నాకు కోపం రాలేదు. అడగలేక చస్తున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ ఆ తాళం ఇచ్చేస్తే నాయినకు ఇంకేం మిగులుతుంది? ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికి పంపిన చెవిటి మనిషి, అంతే. తాళం గోడ మీద ఉన్నంతసేపూ ఆయన ఇంకా గురువే.

కాక ఎప్పుడో టేప్‌రికార్డర్‌లో పట్టిన భజన క్యాసెట్ ఒకటి మా ట్రంకుపెట్టెలో ఉండేది. దాన్ని సెంటర్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఉస్సుమనే సప్పుడంతా తగ్గించి ఇంటికి తెచ్చాను. పెద్ద హెడ్‌ఫోన్లు నాయిన చెవులకు పెట్టి కంప్యూటర్ గొంతు పూర్తిగా పెంచాను. కాసేపటికి ఆయన నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"మీ కాక గొంతు! ఇగో, డోలక్! అరే బిడ్డా, గిది నా తాళమేనే!"

ఇల్లంతా అదిరేలా అరిచాడు. చెవిలో పాట మోగుతుంటే తాను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలియదు. కళ్ళు మూసుకుని చేతులతో తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆయన చెవుల్లో భజన మోగుతోంది, మాకు మాత్రం ఫ్యాన్ తిరిగే సప్పుడు తప్ప ఏమీ లేదు. హెడ్‌ఫోన్ల పిన్ను కంప్యూటర్ ముందువైపు రంధ్రంలో పెట్టగానే, వెనకవైపు గుచ్చిన స్పీకర్ డబ్బా మూగబోయింది. "మీ నాయినకు పాట ఇనవడ్తుంది, మనకు పిచ్చోడు కనవడ్తుండు" అంది అమ్మ. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది.

నాయినకు కూడా కాసేపటికి అర్థమైంది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీకు ఇనవడ్తలేదా?"

"లేదు నాయినా, నీకొక్కనికే!"

"నాకొక్కనికి ఇనవడి ఏం జేసుకోవాలె బిడ్డా? భజన ఒక్కనిదా?"

మరునాడు సెంటర్‌లో నా పక్క కుర్చీలో పని చేసే అన్నను పట్టుకున్నాను. వాళ్ళ నాన్న పెద్ద ప్లాంట్‌లో ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అన్న పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం వాళ్ళ ఇంటి మాటే. "ముందు పిన్ను పెడితే వెనకది ఆగిపోద్దమ్మా, దాని పద్ధతే అంత" అన్నాడు. మధ్యాహ్నం బజారుకు పోయి ఒక చిన్న వైరు తెచ్చిచ్చాడు. ఒకవైపు ఒక పిన్ను, రెండోవైపు రెండు రంధ్రాలు. "కంప్యూటర్లో గొంతు ఫుల్లుగా పెట్టు. స్పీకర్‌కి దాని గుబ్బ దానికుందిగా, అది తగ్గించుకో. మీ నాన్నకి గట్టిగా వినపడుద్ది, మీకు మామూలుగా వినపడుద్ది."

ఆ ఆదివారం కాకను, డోలక్ ఆయనను, గుంపులో ఓ నలుగురిని మా వాకిట్లోకి పిలిచాను. గడప దగ్గర బల్ల మీద కంప్యూటర్ పెట్టాను. రెండు రంధ్రాల్లో రెండు వైర్లు దూర్చాను, నాయిన చెవికొకటి, ఊరికొకటి. క్యాసెట్ పాట మొదలైంది. ఇటు డబ్బాలో, అటు ఆయన చెవిలో, ఒక్కసారే. నాయిన మేకు మీది ఎర్రగుడ్డ తానే తీసుకొచ్చి విప్పాడు. తాళం పడింది. సరిగ్గా పడింది. కాక పాత పాటతో గొంతు కలిపాడు, గుంపు చిరుతలు ఎత్తింది, వాకిట్లో దుమ్ము లేచింది. పాట అయ్యేటప్పటికి నాయిన ముగింపు దెబ్బలు కొట్టిన చోటే అందరి చిరుతలూ ఆగాయి. మాకు ప్రాణం లేచి వచ్చింది. అమ్మ పిలవని వాళ్ళను కూడా పిలిచి చాయ్ పోసింది.

"వచ్చే శనివారం గుడికొస్త" అన్నాడు నాయిన.

కాక ముఖం వెలిగింది, మళ్ళీ వాడిపోయింది. "దేవుని ముంగట క్యాసెట్ వెట్టి పాడుతమా బిడ్డా? గది బాగుండదు. పాట మనిషి నోట్లకెల్లి రావాలె" అన్నాడు నాతో, మెల్లగా.

నిజమే. అందుకని మైకు తెచ్చాను. మైకు ముందు కాక పాడితే ఆ గొంతు కంప్యూటర్‌లోకి పోయి, ఒక కొస నాయినకు, ఒక కొస గుడి ముందు డబ్బాకు పోవాలి. అది పెట్టేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. నాయిన చెవికి ఆనేంత గొంతు పెంచితే డబ్బా కుయ్యిమని కూత పెట్టేది. డబ్బా గుబ్బ తిప్పితే కూత ఆగేది, దానితో పాటు జనానికి పాట కూడా ఆగేది. ఒకే వైరుకు పుట్టిన రెండు కొసలు, ఒకదాన్ని కదిపితే రెండోది ఊరుకోదు.

అన్న ఈసారి వేలెడంత డబ్బీ ఒకటి ఇచ్చాడు. కంప్యూటర్‌కు గుచ్చితే అది ఇంకో సౌండ్ కార్డ్. "డబ్బాకి పాత దారి, మీ నాన్నకి ఈ కొత్త దారి. దేని గొంతు దానిదే, కూత పెట్టదు. కాకపోతే సాఫ్ట్‌వేర్ లోంచి తిరిగొస్తది కాబట్టి మీ నాన్నకి కొంచెం లేటుగా వచ్చుద్దమ్మా."

"ఎంత లేటన్నా?"

"రెప్ప వేసినంత."

"గంతేనా? మా నాయినకు పొద్దుగాల పిలిస్తే పొద్దుగూకినంక ఇనవడ్తది. రెప్పపాటు ఏం లెక్క!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంట్లో పెట్టి చూశాం కూడా. కాక వాకిట్లో మైకు పట్టుకుని, "అన్నా, ఇనవడ్తుందా?" అన్నాడు. లోపలి నుంచి నాయిన, "ఇనవడ్తుంది తమ్మీ, గంతగనం ఒర్రకు!" అన్నాడు. ఏళ్ళ తరువాత ఆయన ఇంకొకరిని అరవొద్దన్నాడు. మేం పడీ పడీ నవ్వాం. మాటకు తాళం ఉండదు కాబట్టి ఆ రెప్పపాటు ఎవరికీ తెలియలేదు.

శనివారం ఎండ తగ్గకముందే కంప్యూటర్‌ను గుడి అరుగు మీదికి చేర్చాం, మైకును కర్రకు కట్టి కాకకూ డోలక్‌కూ నడుమ నిలబెట్టాం. నాయిన తలంటుకుని తెల్ల ధోతి కట్టుకున్నాడు. తలకు రుమాలు, దాని మీద హెడ్‌ఫోన్లు. పొడుగు వైరు వెంట రాగా గుండ్రం నడుమకు పోయి నిలబడి, ఎర్రగుడ్డ విప్పి, తాళాన్ని కళ్ళకు అద్దుకున్నాడు. చాలా రోజుల తరువాత భజన కదా, ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అమ్మ ముందు వరసలో ఉంది.

కాక పాట అందుకున్నాడు. నాయిన తల ఊపాడు, ఆయన ముఖం విప్పారింది. వినపడుతోందన్నమాట. తాళం వేశాడు. అది పడాల్సిన చోటు కంటే ఒక వెంట్రుకవాసి తరువాత పడింది. జనానికి తెలియలేదు. డోలక్ ఆయన మాత్రం చప్పున తల ఎత్తాడు.

గురువు తాళాన్ని దాటరాదు. గుంపు ఆ తాళం కోసం ఆగి, దాని మీద చిరుతలు కొట్టింది. కాక కూడా పాటను కొంచెం పట్టి, నిదానం చేసి, తాళానికి అందించాడు. ఆ నిదానమైన పాట మళ్ళీ రెప్పపాటు ఆలస్యంగా నాయిన చెవికి చేరింది. ఆయన పాపం తాను విన్నదానికి సరిగ్గానే కొట్టాడు. అది ఇంకొంచెం వెనక పడింది. గుంపు ఇంకొంచెం ఆగింది. నేను అరుగు మీద కూర్చుని మౌస్ అటూ ఇటూ జరిపాను. దానితో ఏమవుతుంది? పరుగెత్తాల్సిన పాట నడవసాగింది, తరువాత ఈడ్చుకోసాగింది. తిరిగే కాళ్ళు అడుగు తీసి అడుగు వేయలేకపోయాయి. ఒక్కరైనా తాళాన్ని దాటి ముందుకు పోతే పాట బతికేది. ఒక్కరూ దాటలేదు. నాయిన మీద అంత గౌరవం వాళ్ళకు. చివరికి చిరుతలు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండి, పాట ఆగిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాయిన చుట్టూ ఒక్కొక్కరి ముఖం చూశాడు. హెడ్‌ఫోన్లు తీసి, నా వైపు తిరిగి అడిగాడు.

"మిషన్‌దా, నాదా బిడ్డా?"

"మిషన్‌దే నాయినా! నీది గాదు! ఆలస్యంగ వస్తుంది!" ఊరంతా వినేలా అరిచాను. నా గొంతు పగిలిపోయింది.

ఆయనకు అందిందో లేదో, తల ఊపాడు. "ఎవ్వరిదయితేంది తియ్యి. నా కోసమని ఈళ్ళు పాటను సంపుకుంటున్నరు" అన్నాడు. కాక దగ్గరికి నడిచాడు. కాక రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "వద్దన్నా, వద్దు, నా మాటిను" అన్నాడు. నాయిన ఒక చేయి పట్టి ముందుకు లాగి, అరచేయి విప్పి, తాళం అందులో పెట్టి, వేళ్ళు మూశాడు. అమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

నాయిన వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. ఆయన ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. కాక కళ్ళు తుడుచుకుని పాట మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి పాట పరుగెత్తింది. కూర్చున్నచోట ఒరగడానికని నాయిన పక్కనున్న స్పీకర్ డబ్బా మీద అరచేయి ఆనించాడు. మైకులోంచి వచ్చే డోలక్ దెబ్బకు డబ్బా అదురుతోంది.

కాసేపటికి ఆయన చూపుడువేలు కదలడం చూశాను. డబ్బా మీద మెల్లగా తడుతున్నాడు. నేను కాక చేతిలో తాళం చూశాను, నాయిన వేలు చూశాను. రెండూ ఒక్కసారే పడుతున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. పాట వేగం అందుకుంది, వేలు కూడా అందుకుంది. కాక ముగింపు దెబ్బలు కొట్టాడు, వేలు సరిగ్గా అక్కడే ఆగింది. అరికాళ్ళ తోని ఎరుకైతది బిడ్డా అని ఆయన నాకు ఎప్పుడో చెప్పాడు. రెండు దారులు, డబ్బీలు, పిన్నులు అంటూ నేను తిరిగాను. మూడో దారి ఆయన దగ్గరే ఉంది. తాళం చేయి మారిన తరువాత అది తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు.

కాక కూడా చూశాడు. పాట ఆపి, గుండ్రం దాటి వచ్చి, తాళాన్ని రెండు చేతులతో నాయిన ముందుకు చాపాడు. "అన్నా, నీ దెబ్బ సరిగ్గ పడ్తుంది. నేను సూసిన. తీసుకో అన్నా." నేను నాయిన చెవి దగ్గర నోరు పెట్టి ఆ మాటే మళ్ళీ అరిచాను. రివాజు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊరంతా ఆయన తీసుకుంటే బాగుండునని చూస్తోంది.

నాయిన తాళం వంక చూశాడు. చేయి చాపలేదు, డబ్బా మీద నుంచి తీయలేదు కూడా.

"ఇచ్చినంక ఇచ్చినట్టే తమ్మీ. పో, జల్దీ కొట్టు. నా చేతి కింద సప్పుడు ఆగిపోయింది" అన్నాడు.

కాక వెనక్కి పోయి కొట్టాడు.